నాలుగో పడవ

జట్లాండ్ పడమటి గాలికి తలమీద టోపీ నిలవదు.
చేపల ఫ్యాక్టరీ మూతపడ్డాక
పదకొండు వేసవులుగా ఈ పార్కులోనే ఉన్నాను,
కాలవలోకి పడవలు వదిలే గేటు దగ్గర.
నా చేతిలో లెక్కల డబ్బీ ఒకటి.
మనిషి ఎక్కితే ఒక నొక్కు.
అదీ నా ఉద్యోగం. ఆ పైన కాస్త నవ్వు.

ఆ మంగళవారం వాళ్లు ముప్పావుగంట క్యూలో నిలబడ్డారు.
తల్లి పేరు గుద్రూన్ అని తర్వాత తెలిసింది,
భుజాన మందుల సంచి, బుగ్గలో నల్ల అతిమధురం బిళ్ల.
చక్రాల కుర్చీలో తొమ్మిదేళ్ల ఆస్గర్,
చెవులకి పెద్ద నీలం డిప్పలు, నోట మాట లేదు.
పక్కనే ఎర్ర చొక్కా తొడుక్కున్న నల్ల కుక్క, హుమ్లె.
చొక్కా మీద రాసుంది:
పనిలో ఉన్నాను, ముట్టుకోవద్దు.
ముట్టుకుంటూనే ఉన్నారు జనం.
"కుక్కకీ టికెట్టేనా?" అన్నాడొకడు సాసేజీ నములుతూ.
పదిమంది నవ్వారు. నేనూ నవ్వే ఉంటాను,
జీతంలో అదీ ఒక భాగమేగా.

వాళ్ల వంతు వచ్చింది.
రూలు ప్రకారం కుక్క గట్టు మీద ఆగాలి,
తాడు నేను పట్టుకోవాలి.
తల్లి వాడి చంకల కింద చేతులేసి లేపబోయింది.
హుమ్లె లేచి వాడి అరచేయి వాసన చూసింది.
మళ్లీ చూసింది.
వాడి పాదాల మీద అడ్డంగా పడిపోయింది,
బస్తా దించినట్టు.
పిలిచాను. లాగాను. ముప్పై కిలోల మొండితనం.
"ఇంత శిక్షణ ఇచ్చి ఏం లాభం, మాట వినకపోతే" అన్నాను.
నా తెలివి అంతవరకే.

గుద్రూన్ వాచీ చూసుకుంది.
పడవ వంక చూడలేదు, ఒక్కసారైనా.
"ఆరు నిమిషాలుంది మనకి" అంది,
బస్సు సంగతి చెప్పినట్టు.

గేటు ఇంకొకడికి అప్పజెప్పి
ఐస్‌క్రీం బండి వెనక నీడలో నా కోటు పరిచాను.
ఐదో నిమిషంలోనే వచ్చింది ఫిట్స్.
గట్టున పడ్డ చేపలా కొట్టుకుంది వాడి ఒళ్లు.
ఈ పోలిక నాకు రాకుండా ఉండాల్సింది.
ఇరవయ్యేళ్లు చేపలు కోసిన చేతికి
ఇంకోటి దొరకలేదు.
కుక్క వాడి వీపుకి వీపు ఆనించి పడుకుంది.
తల్లి పెదవులు అంకెలు లెక్కపెడుతున్నాయి.
నెత్తిమీద రోలర్ కోస్టర్,
డబ్బు కట్టి భయపడేవాళ్ల కేకలు,
వచ్చి పోతున్నాయి, వచ్చి పోతున్నాయి.
నూట నలభై దగ్గర ఆగింది ఆవిడ.

సాయంత్రం వాన పట్టింది. జనం పల్చబడ్డారు.
వాళ్లు మళ్లీ వచ్చారు.
ఎక్కుతారనుకుని నాలుగో పడవ సీటు తుడిచాను.
గుద్రూన్ తల అడ్డంగా ఊపింది.
"ఎక్కడు. వాడికి ఆ చప్పుడు కావాలి."
ఏ చప్పుడు?
ఒళ్లోకి దిగి బిగుసుకుంటుందే, అడ్డుకడ్డీ, దాని చప్పుడు.
అందరూ నీళ్ల కోసం నిలబడ్డ క్యూలో
వాడు నిలబడింది దానికట,
డిప్పల మీదుగా విన్నాడట.

కుర్చీని పడవకి ఆనించాం.
వాడి చేతిమీద చేయి వేసి కడ్డీ దించాను. టక్.
ఎత్తాం. దించాం. టక్.
మూడోసారికి నా చెయ్యి తోసేశాడు.
కదలని పడవ, ఖాళీ పడవ,
వాన నీళ్లు నిండుతున్న పడవ. టక్.
నవ్వాడో లేదో నాకు తెలియదు, వాడి నవ్వు నేనెరగను.
గుద్రూన్ మాత్రం సంచి కిందపెట్టింది,
పొద్దుణ్ణించి మొదటిసారి.
హుమ్లె చొక్కా విప్పేసింది.
కుక్క ఒళ్లు విదిలించి అందర్నీ తడిపి
కాలవలో మూతి పెట్టి మామూలు కుక్కయిపోయింది.

రేడియోలో సూపర్వైజరు: "ప్రేబెన్, మూశావా?"
"మూస్తున్నా" అన్నాను.
అబద్ధం కాదు. ఇరవైసార్లు మూశాం.

రాత్రి లెక్క అప్పజెప్పాను.
ఎక్కినవాళ్లు రెండువేల పద్దెనిమిది.
వాడు ఎక్కలేదు గనక నొక్కలేదు.

కోటుకి అంటిన నల్ల వెంట్రుకలు
ఇంటికెళ్లగానే మా ఆవిడ దులిపేసింది.
కాలరు కింద రెండు ఉన్నాయి.
చెప్పలేదు తనకి.